వ్రాత విడిది
(యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



యుగాదినాడు పంచాంగ శ్రవణం కాగానే ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత అని లెక్క చూసుకోవడం మన ఆచారం. నేడు మేము మరొక లెక్కను మీ ముందు పెట్టదలచినాము. అది మన యిండ్లలో పిహెచ్.డి. పరిశోధన చేస్తున్న పిల్లల సంవత్సరాల లెక్క.

మన పెద్దలు తెలంగాణా జిల్లాల నుంచి నేతపనిని నమ్ముకొని యీ షోలాపూరు చేరినవారు. తండ్రి మగ్గం మీదా, తల్లి బీడీల చాట ముందూ కూర్చుని చదివించిన పిల్లలే నేడు కళాశాలల్లో పాఠాలు చెపుతున్నారు, పరిశోధనలు చేస్తున్నారు. 2004లో మన వూళ్లోనే విశ్వవిద్యాలయం వెలసినది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, సిద్ధాంత వ్యాసం మాత్రం ఇంగ్లీషు: యిన్ని మెట్లు ఎక్కిన పిల్లలకు తెలివి తక్కువని ఎవరనగలరు? అయినా వీరిలో కొందరు గ్రంథాలు చదివి, సమాచారం సేకరించి, తీరా వ్రాత దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నారు.

ఆగిపోవడానికి గడువు ఒప్పుకోదు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2022లో చేసిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. మళ్లీ నమోదు చేసుకుంటే మరి 2 సంవత్సరాల వరకు యివ్వవచ్చును. స్త్రీలకు, 40 శాతానికి మించిన అంగవైకల్యం గలవారికి ఆపైన యింకొక 2 సంవత్సరాల సడలింపు కద్దు. వినడానికి యిది చాలా కాలమే. కాని పగలు ఉద్యోగం, సాయంకాలం సంసారం, రాత్రి నిద్రమత్తు అయిన మనిషికి ఆరేండ్లూ ఆరు నెలల మాదిరిగా కరిగిపోతవి.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. సీమలలోని విశ్వవిద్యాలయాల వారూ దీనిని ఎదుర్కొన్నారు. అక్కడ వారు కనిపెట్టిన ఉపాయానికి 'రైటింగ్ రిట్రీట్' అని పేరు. మేము దానిని 'వ్రాత విడిది' అంటున్నాము. పెండ్లివారికి విడిది యిచ్చినట్లే వ్రాసేవారికి కొన్నాళ్లు విడిది యివ్వడమన్న మాట.

స్కాట్లండులో రొవీనా మరే అనే ఆచార్యురాలు యీ విడిదికి ఒక కట్టుబాటు ఏర్పరచినది. మేరీ న్యూటన్ అనే ఆమెతో కలిసి 2009లో దానిని గురించి వ్యాసం ప్రకటించినది. ఆ పద్ధతి చాలా సులభం. పరిశోధకులు కొందరు రెండు మూడు రోజులు ఊరి సందడికి దూరంగా ఒకచోట చేరుతారు. ఎవరి గదిలో వారు తలుపు వేసుకొని కూర్చోరు. అది ఏకాంతఖైదు పద్ధతి అని మరే చమత్కారం. ఆమె కోరినది పాతకాలపు టైపిస్టుల హాలు పద్ధతి. అందరూ ఒకే గదిలో, ఒకే వేళకు కూర్చుని వ్రాస్తారు. ముందుగా అయిదు నిమిషాలు, తప్పొప్పులు చూడకుండా, తోచినది వ్రాసి చేతికి వేడి పుట్టిస్తారు. తరువాత పక్కవారితో "ఈ పూట నేను ఫలానా భాగం, యిన్ని మాటలు వ్రాస్తాను" అని చెపుతారు. ఆపైన గంటో గంటన్నరో నిశ్శబ్దం. వేళ కాగానే కలం కింద పెట్టి, అనుకున్నది ఎంత అయినదో చెప్పుకొని, చాయ తాగి, మళ్లీ కూర్చుంటారు. నడిపించే మనిషి కూడా తన వ్రాత తాను వ్రాసుకుంటుంది. ఉపన్యాసాలుండవు, పాఠాలుండవు.

ఇంత చిన్న ఏర్పాటు వల్ల ఏమి ఒరుగుతుందని మీరడుగవచ్చును. దానికి సమాధానం కోసం స్కాట్లండు దాకా పోనక్కరలేదు. మన వాడల్లో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లను చూడండి. ఎవరి చాట వారిదే. వేయింటికి కూలి కట్టి యిచ్చే లెక్క ఎవరిది వారిదే. ఒకరి బీడీ మరొకరు చుట్టరు. అయినా నలుగురు కలిసి ఒకే అరుగు మీద కూర్చుంటారు. ఒక్కతే కూర్చుంటే చేయి మందగిస్తుంది, మనసు వంటింటి వైపు లాగుతుంది. నలుగురి నడుమ కూర్చుంటే పక్కనున్న చేయి మన చేతిని నడిపిస్తుంది. చేతి మగ్గాల కాలంలోనూ అంతే గదా! నేత ఒక్కరి పనే అయినా, పడుగును వీధిలో చాచి గంజిపెట్టేనాడు ఇంటిల్లిపాదీ చేతులు కలపవలసినదే. వ్రాత కూడా ఒక్కరి పనే. కాని దానికి కావలసిన వేళను, ధైర్యాన్ని నలుగురూ కలిసి సిద్ధం చేయవచ్చును.

మన తెలుగు విద్యకు యిది బొత్తిగా కొత్తది కూడా కాదు. వెనుకటి శతాబ్దంలో కాదు, అంతకు ముందటి శతాబ్దంలో, సి.పి. బ్రౌను దొర కడపలో తన బంగళాలోనే పండితులను, లేఖకులను కూర్చోబెట్టి, సొంత సొమ్ముతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులు సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆ పండితులు వ్రాసినది దొరగారి పని. వ్రాత విడిదిలో ఎవరి పని వారిది. అయినా చోటు, వేళ, తోడు ఒక్కచోట కూడితే వ్రాత సాగుతుందని అందువల్లనూ తెలుస్తున్నది.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసి వున్నది. న్యూజీలండులో బార్బరా గ్రాంటు అనే విదుషీమణి విశ్వవిద్యాలయ స్త్రీల కోసమే అయిదేసి రోజుల విడుదులు నడిపి, వాటిని గురించి 2006లో వ్యాసం వ్రాసినది. స్త్రీలకే ఎందుకని ఎవరైనా అడిగితే, మన యిండ్లనే ఒకసారి పరికించమంటాము. కొడుకు పుస్తకం ముందు కూర్చుంటే "మాట్లాడకండి, చదువుకుంటున్నాడు" అంటాము. కోడలు కూర్చుంటే "కాస్త ఆ పొయ్యి చూసి పోమ్మా" అంటాము. ఆమెకు సర్కారువారు ఎక్కువగా యిచ్చిన రెండేండ్లను మనము యిలా ఒక్కొక్క పిలుపుతో తిరిగి లాగుకొంటున్నాము. ఇది పగవాడు చేసిన అన్యాయం కాదు; ప్రేమగలవారే తెలియక చేస్తున్నది. అందువల్లనే దీనిని మాన్పడం మన చేతిలో వున్నది.

అయితే విడిదికి పోగానే సరస్వతి కలంలోకి దిగివస్తుందని మేము చెప్పబోవడం లేదు. చదువవలసినవి చదివి, లెక్కలు కట్టుకొని, ఏ అధ్యాయంలో ఏ భాగం వ్రాయవలెనో నిశ్చయించుకొని రావలెను. వట్టి చేతులతో వచ్చినవారికి మూడు రోజులూ విందుభోజనాలే మిగులుతవి. విడిది గురువుకు బదులు కాదు. తిరిగి వెళ్లిన తరువాత రోజూ కొద్దికొద్దిగానైనా వ్రాయకపోతే దాని ఫలం నిలవదు. అమెరికాలో రాబర్టు బాయిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అధ్యాపకులను పరిశీలించి చెప్పినదీ అదే: ఎప్పుడో ఒకనాడు రాత్రంతా కూర్చుని వ్రాసేవారి కంటె, దినదినమూ చిన్న చిన్న వేళల్లో వ్రాసేవారి పనే ముందుకు పోతుంది.

ఇక మనము చేయగలిగినది మనవి చేస్తాము. మన సంఘానికి హాలు వున్నది. యుగాదికి, మార్కండేయ రథోత్సవానికి, పెండ్లిండ్లకు తప్ప అది తాళం వేసి వుంటుంది. మూడు నెలలకొకమారు, శుక్రవారం సాయంకాలం మొదలు ఆదివారం సాయంకాలం వరకు, దానిని పది పన్నెండు మంది పరిశోధకులకు విడిదిగా యిద్దాము. బల్లలు, కుర్చీలు, దీపాలు మనవే. చాయ, జొన్నరొట్టె, పప్పు వంతులవారీగా ఒక్కొక్క వాడవారు పంపవచ్చును. చంటిపిల్లల తల్లులు వస్తే, ఆ పిల్లలను పక్క గదిలో ఆడించడానికి అమ్మమ్మలు, నాయనమ్మలు వున్నారు. చేతి ఫోన్లు వాకిట్లో ఒక బుట్టలో వేయవలెను. శాలువలు వద్దు, సన్మానాలు వద్దు, పెద్దలెవ్వరూ లోపలికి వచ్చి హితవులు చెప్పవద్దు. ముఖ్యంగా "ఎంతవరకు వచ్చినది, ఎప్పుడు ముగుస్తుంది?" అని అడుగవద్దు.

పరాయి గడ్డ మీద మన పెద్దలు ముందుగా గుడి కట్టినారు, తరువాత బడి పెట్టినారు. ఆ బడిలో చదివిన బిడ్డకు యీనాడు కావలసినది ధనం కాదు. ఎవరూ పిలువని రెండు పగళ్లు, పక్కన తనవలెనే తల వంచి వ్రాసుకొనే నలుగురు మనుషులు. మొదటి విడిదికి తేదీ నిర్ణయించడానికి వచ్చే ఆదివారం కార్యవర్గం కూడుతున్నది. పరిశోధన చేస్తున్న కొడుకులు, కూతుళ్లు, కోడండ్లు వున్నవారు వారి పేర్లు యివ్వండి. పేర్లు లేనివారు ఒక పూట పప్పు యివ్వండి.

అందరికీ యుగాది శుభాకాంక్షలు.