మలయ భాష, కుర్దీ భాష: చుట్టరికము, చేబదులు

  

ఈ రజతోత్సవ సభలో మలయ భాషను గూర్చియు, కుర్దీ భాషను గూర్చియు ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. మొదటిది మలయా ద్వీపకల్పమునను, సుమత్రా తీరమునను పెరిగినది. రెండవది తుర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా దేశములు కలియు కొండసీమలది. వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మనలో పాతుకొన్న యొక భ్రమ తొలగును. ఏ భాషలో సంస్కృత పదములు మెండుగా కనబడునో అది సంస్కృతమునకు బిడ్డయే యని తేల్చివేయుటయే ఆ భ్రమ.

లెక్కలు వ్రాయువాడను గనుక నా పరిభాషలోనే చెప్పెదను. ఒక రైతు పేర అడంగలులో పది యెకరములుండును. అందు కొంత పిత్రార్జితము, కొంత క్రయము. అడంగలు చూచినంతనే ఏది యేదియో తెలియదు; దస్తావేజులు తిరుగవేయవలెను. భాషలోని మాటలును అట్టివే.

ముందు మలయ భాషను చూడుడు. భాషకు వారు ‘బహాస’ అందురు. భూమి ‘బుమి’, ముఖము ‘ముక’, కపాలము ‘కెపాల’ యై తలకు పేరైనది. వెలకు ‘హర్గ’ అందురు. అది మన ‘అర్ఘము’. మలయులలో అత్యధికులు మహమ్మదీయులు. అయినను రంజాను ఉపవాసమును వారు ‘పువాస’ అందురు; స్వర్గ నరకములు వారికి ‘షుర్గ’, ‘నెరాక’. గురువు గురువే, రాజు రాజే. మనము కూర్చున్న యిట్టి గ్రంథాలయమును ‘పెర్పుస్తకాన్’ అందురు. నడుమ నున్నది మన ‘పుస్తక’మే, ముందు వెనుకల నతికినవి వారి సొంత ప్రత్యయములు. మర్యాదగా ‘నేను’ అనుటకు వాడు ‘సాయ’ సైతము ‘సహాయ’ శబ్దమునుండి వచ్చినదే. ఇంతకంటె చుట్టరికమేమి కావలెనని యెవరికైనను తోచును.

కాని యివన్నియు క్రయపు భూములు. సముద్రమార్గమున వచ్చిన వర్తకులతోను, పండితులతోను వచ్చి చేరినవి. పిత్రార్జితము వేరు. ‘ఎంపత్’ అనగా నాలుగు, ‘లిమ’ అనగా అయిదు, ‘మత’ అనగా కన్ను. వీనికి జ్ఞాతులు పడమట మడగాస్కరునుండి తూర్పున హవాయి దీవులవరకు కలవు. హవాయిలో అయిదు ‘లిమ’యే, కన్ను ‘మక’. ఇది ఆస్ట్రొనేషియన్ కుటుంబము. సంస్కృతముతో దీనికి రక్తసంబంధము లేదు.

ఇక కుర్దీ. దానిలో అధికముగా మాటలాడబడు కుర్మాంజీ మాండలికమునుండి చెప్పెదను. వినినంతనే సంస్కృతము స్ఫురించు మాటలు అందు తక్కువ. కాని అంకెలు వినుడు: యెక్, దు, సే, చార్, పేంజ్, షెష్, హెఫ్త్, హెష్త్, నెహ్, దెహ్. ఏక, ద్వి, త్రి యని పక్కన వ్రాసికొని చూడుడు. జామాత ‘జావ’, భ్రాత ‘బ్రా’, నామము ‘నావ్’, గోవు ‘గా’. ఎరువు మాట నిండుగా వచ్చును. వారసత్వపు మాట అరిగి వచ్చును. ఆ అరుగుదలకును ఒక క్రమము కలదు. సప్త యందలి సకారము ‘హెఫ్త్’లో హకారమైనది. కుర్దీ ఇరానీ శాఖకు చెందినది. సంస్కృతమునకు బిడ్డ కాదు, ఒకే పూర్వికుని సంతతి.

వ్యాకరణమును సాక్ష్యమిచ్చును. మలయములో ‘మకన్’ అనగా తినుట. నేనైనను, నీవైనను, వాడైనను ఆ రూపము మారదు. కుర్దీలో పురుష వచనములనుబట్టి క్రియ మారును. అంతేకాదు, ‘నేను పండు తింటిని’ అనునపుడు సంస్కృతమున ‘మయా ఫలం ఖాదితమ్’ అన్నట్లు, కుర్దీయుడును ప్రథమావిభక్తిలోని ‘ఎజ్’ను విడిచి ‘మిన్’ అనును. క్రియ కర్తను గాక కర్మను అనుసరించును.

ఇచ్చట మోసపోవుట కెడము కలదు. రెండునకు కుర్దీలో ‘దు’, మలయములో ‘దువ’. చెవికి రెండును ‘ద్వి’కి దగ్గరవే. మొదటిది నిజమైన దాయాది. రెండవది కేవలము కాకతాళీయము. మడగాస్కరులో దాని జ్ఞాతి ‘రువ’, హవాయిలో ‘లువ’. ఒక్క మాటను పట్టుకొని వంశవృక్షము వ్రాయరాదు. మరియొకటి: మనము ‘మనము’, ‘మేము’ అని రెండు విధములుగ అందుము గదా! వినువానిని కలుపుకొన్నచో ఒకటి, విడిచినచో వేరొకటి. మలయులును ‘కిత’, ‘కమి’ యని అట్లే అందురు. కుర్దీలో ‘ఎమ్’ అని ఒకటే. అంతమాత్రమున మనము మలయులకు బంధువులము కాము.

మరి తెలుగు మాట యేమి? సంస్కృతము విషయమున మన స్థితి మలయమువంటిది. మన లాక్షణికులు తత్సమ, తద్భవ, దేశ్యములని యేనాడో విడదీసినారు. 1816లో ఎల్లిస్ దొర కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు చూపినాడు. ఈ మాట యనినంతనే నొచ్చుకొను పెద్దలు నేటికిని కలరు. భారత భాగవతములతో ప్రొద్దుపుచ్చు నాకు సంస్కృతముపై మక్కువ తక్కువ కాదు. కాని దస్తావేజు ఏమి చెప్పునో అదియే చెప్పవలెను గదా!

వంశము తెలిసినంతమాత్రమున భాష భాగ్యము తెలియదు. 1928లో ఇండోనేషియా యువజనులు, జావా భాషీయులే అధికులైనను, మలయమునే ఇండోనేషియా భాషయను పేర ఐక్యతకు చిహ్నముగా స్వీకరించిరి. 1957లో స్వతంత్రమైన మలయాలోను అదియే జాతీయ భాష. గొప్ప కుదురునకు చెందిన కుర్దీ మాత్రము నాలుగు రాజ్యముల నడుమ చీలినది. తుర్కీలో 1983 నాటి చట్టము దానిలో ప్రచురణను నిషేధించెను. 1991లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. ఇరాకులో 2005 నాటి రాజ్యాంగము దానిని అరబ్బీతోపాటు అధికార భాషగా గుర్తించెను. 1932లో జెలాదెత్ బెదిర్‌ఖాన్ డమాస్కసు నగరమునుండి ‘హవార్’ అను పత్రిక వెలువరించి, రోమను లిపిలో కుర్దీకి అక్షరమాల నేర్పరచెను. ఇరాకులోని కుర్దులు అరబ్బీ లిపినే వాడుచున్నారు. అందుచేత దియార్‌బకిరులో అచ్చయిన పుస్తకమును సులేమానియాలోని కుర్దు చదువవలెనన్న ముందుగా అక్షరములు నేర్చుకొనవలసి వచ్చును.