అధిష్ఠానం, రాష్ట్రం, ఓటరు
(తెన్నేటి విశ్వనాథం స్మారకోపన్యాసం)



తెన్నేటి విశ్వనాథంగారి పేరు మీద మాట్లాడేవారు పార్టీలో స్వతంత్రం గురించి మాట్లాడటం న్యాయం. ప్రకాశం పంతులుగారి 1953 మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా పనిచేసిన ఆయన, 1967లో కాంగ్రెస్‌ను ఓడించి విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లారు. దేశాధినేత మాట రాష్ట్ర పార్టీలో ఎంతవరకు చెల్లాలి అన్నది ఈనాటి నా విషయం.

అమెరికాలో 1918లో అధ్యక్షుడు విల్సన్ తన యుద్ధ విధానాన్ని వ్యతిరేకించిన సొంత పార్టీ సెనేటర్ల మీదికి వెళ్లారు. మిసిసిపీలో వార్డమన్, జార్జియాలో హార్డ్‌విక్ ఓడిపోయారు. 1938లో రూజ్‌వెల్ట్ అదే పనికి పూనుకుని జార్జియాలో వాల్టర్ జార్జ్‌ను, మేరీలాండ్‌లో టైడింగ్స్‌ను, దక్షిణ కరోలినాలో స్మిత్‌ను ఓడించమన్నారు. ముగ్గురూ గెలిచారు. అధ్యక్షుడు ఎంతటివాడైనా పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓటరును అడగక తప్పలేదు. దక్షిణాదిలో ఆ ప్రైమరీల నుంచి నల్లజాతివారిని వెలివేశారు కనుక దాన్ని ఆదర్శమనలేను. కానీ అభ్యర్థిని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు అక్కడ ఒక బహిరంగ వేదిక ఉంది.

మనకు ఆ వేదిక లేదు. 1971 సెప్టెంబరులో కాసు బ్రహ్మానందరెడ్డిగారు దిగిపోయి పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నిర్ణయం ఢిల్లీలోని కాంగ్రెస్ అధిష్ఠానానిది. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉండగా పి.వి. పదవి పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. పై నుంచి వచ్చిన నాయకుడికి కష్టకాలంలో నిలబడే సొంత బలం రాష్ట్రంలో చాలలేదని నా అభిప్రాయం. 1978 నుంచి 1983 వరకు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి — ఒకే శాసనసభకు నలుగురు ముఖ్యమంత్రులు! ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తారు, ఏకవాక్య తీర్మానం అవుతుంది, సీల్డ్ కవర్ తెరుచుకుంటుంది. ఆ అవమానాన్ని తెలుగువారి ఆత్మగౌరవ ప్రశ్నగా మలిచి, 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు.

ఈ ఊరి అనుభవం దీనికి ముందుమాట. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని 1965లో విదేశీ నిపుణుల బృందం చెప్పింది. అధికార పార్టీ రాష్ట్ర నాయకత్వం కేంద్రాన్ని ఒప్పించలేకపోయింది. 1966లో ఆ కర్మాగారం కోసం అమృతరావుగారు నిరాహారదీక్ష చేశారు, నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి, విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కు కర్మాగారంపై ప్రకటన చేశారు. పార్టీ అడగవలసినది జనం ప్రాణాలొడ్డి అడగవలసి వచ్చింది. అధిష్ఠానానికి ఎదురు చెప్పలేని రాష్ట్ర పార్టీ చెల్లించే మూల్యం ఇదే, అది ప్రజల మీద పడుతుంది.

1972 తరువాత కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు ఆగిపోయాయి. 1992లో తిరుపతి మహాసభలో వర్కింగ్ కమిటీకి మళ్లీ ఎన్నిక పెట్టినప్పుడు పార్టీ అధ్యక్షుడు పి.వి.గారే. ఆ దారి నిలవలేదు. ప్రాంతీయ పార్టీలు వచ్చాక ఢిల్లీ స్థానంలో హైదరాబాదు కూర్చుంది, జిల్లా కమిటీకి మాత్రం మాట రాలేదు.

అందుకని ఈ సభ ముందు నా విన్నపం ఒక్కటే. అభ్యర్థికి పార్టీ బీ ఫారం ఇచ్చే ముందు నియోజకవర్గంలోని పార్టీ సభ్యుల చేత రహస్య ఓటు వేయించాలి. జిల్లా అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి, నియమించకూడదు. విశాఖలోని ప్రతి పార్టీ కార్యకర్తా రేపటి సమావేశంలో ఈ డిమాండును తీర్మానంగా పెట్టాలి. అధిష్ఠానం కాదంటే ఆ మాటా మినిట్స్‌లో నమోదు చేయించాలి.