ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి



భోగం, విలాసం, జల్సా. ఈ మాటలు అందరికీ తెలుసు. మేడ, కారు, పట్టుచీరలు, రోజూ పండగ వంట. మరి వీటికి ఎదురు మాటలు ఏవి? పలక మీద రాసి చూడండి. లేమి. కరువు. దరిద్రం. పస్తు. పొదుపు. నిరాడంబరం. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. కానీ అన్నీ ఒకటి కావు.

లేమి అంటే లేకపోవడం. దానికి ఎదురు కలిమి. కలిమిలేములు కావడి కుండలు అంటారు పెద్దలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కొన్ని ఇళ్లల్లో మూడు తరాల నుంచీ లేమి కుండే మోస్తున్నారు.

నిరాడంబరం వేరు. అంటే ఆడంబరం లేకుండా బతకడం. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. ఉన్న కుటుంబం వారిది. తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. ఆయన కావాలని అలా బతికారు. కూలికి నడిచిపోయే మనిషిని చూసి "ఎంత నిరాడంబరమో!" అంటే మాత్రం అది ఎగతాళి.

దరిద్రం అనే మాట సంగతి చూడండి. సర్కారు కాగితాల్లో "దారిద్ర్య రేఖకు దిగువన" అని రాస్తారు. అది లెక్క, తిట్టు కాదు. ఇంట్లో అలా కాదు. కోడలు వచ్చిన ఏడే గేదె చచ్చిపోయిందనుకోండి. "దరిద్రం నట్టింట్లో అడుగుపెట్టింది" అంటారు. గేదెకు రోగం వస్తే కోడలికి ఆ పేరెందుకు?

ఇక పస్తు. ఉపవాసం, ఒక్కపొద్దు, పస్తు. మూడింటిలోనూ కడుపు కాలుతుంది. ఉపవాసం మనిషి ఎంచుకున్నది. పస్తు తప్పనిసరై వచ్చింది. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అనే సామెత అందుకే పుట్టింది.

ఒక ఇంట్లో రాత్రి అన్నం చాలలేదు. ఆ తల్లి మొగుడికి పెట్టింది, అత్తకు పెట్టింది, పిల్లలకు పెట్టింది.

"నువ్వు తినవా అమ్మా?" అంది చిన్నపిల్ల.

"నాకీ రోజు ఒక్కపొద్దే" అంది తల్లి.

ఆ రోజు శనివారం కాదు, ఏకాదశీ కాదు. అది పస్తే. పేరు మార్చి చెప్పింది, అంతే. ఇలాంటి ఒక్కపొద్దులు ఎన్ని ఇళ్లల్లో లేవు!

2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని తేలింది. కారణాలు చాలా ఉన్నాయి. అందరి తర్వాత తినడం, మిగిలితేనే తినడం కూడా వాటిలో ఉంది. ఆకుకూర, పప్పు, గుడ్డు ఆమె కంచంలోనూ పడాలి.

దీన్ని కొందరు పొదుపు అంటారు. "మా ఇంటిది పొదుపరి, తన నోరు కట్టుకుంటుంది" అని మెచ్చుకుంటారు. కాదు. పొదుపు ఎలా ఉంటుందో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చూపించారు. 1992లో, చదువుల కేంద్రాలకు వెళ్లినవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా అమ్మకం ఆగింది. ఆ తర్వాత వాళ్లు గుంపులు కట్టారు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకున్నారు. అంతకుముందు సారా ప్యాకెట్టుకు పోయిన డబ్బు అది.