ఆట వేరు, జూదం వేరు: వీడియో క్రీడాకారుల జాతీయ సమాజానికి అవరోధాలు

(న్యూఢిల్లీ, ఆర్.కె. పురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పొట్టిగా ఆర్.కె. పురం అని పిలుచుకునే ఈ రామకృష్ణపురం ప్రధానంగా ప్రభుత్వోద్యోగుల నివాస ప్రాంతం. దేశంలోని అన్ని భాషలవారూ ఇక్కడ ఇరుగుపొరుగులు. ఈ క్వార్టర్ల నడుమ తెలుగు, పంజాబీ, తమిళ, బెంగాలీ పిల్లలు ఒకే జట్టుగా క్రికెట్ ఆడుకోవడం మనమెరిగినదే. నేటి పిల్లలకు మరొక మైదానం కూడా ఏర్పడింది. అది ఫోను తెరమీద ఉన్నది. అక్కడి జట్టులో ఒకరిది గుంటూరు, ఒకరిది గౌహతి, మరొకరిది జలంధర్ కావచ్చు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై ఇంటర్నెట్ ధర పడిపోయిన తరువాత ఈ మైదానం చిన్న పట్టణాలకూ పల్లెలకూ విస్తరించింది. ఇంతమంది ఆడుతున్నప్పటికీ, వీరు ఒక జాతీయ క్రీడా సమాజంగా ఎందుకు రూపుదిద్దుకోలేకపోతున్నారు? నేటి నా ప్రసంగ విషయం ఇదే.

ప్రతిభ కొరవడినందువల్ల మాత్రం కాదు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా చేర్చినప్పుడు, గుజరాత్‌లోని భుజ్ పట్టణానికి చెందిన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ అనే ఆటలో కాంస్యం సాధించారు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీలలో మన డోటా జట్టు కూడా కాంస్యం గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్ తొలిసారిగా పతకాల జాబితాలో చేరగా, మన లీగ్ ఆఫ్ లెజెండ్స్ జట్టు క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్ళి వియత్నాం చేతిలో ఓడింది. అక్కడక్కడ ఒంటరి దీపాలు వెలుగుతున్నాయి. వాటిని వరుసగా నిలిపే తోరణం లేదు. ఆ తోరణానికి దారం నమ్మకం. మన వెనుకబాటుకు మూలం ఆ నమ్మకం లేకపోవడమేనని నా అభిప్రాయం.

మొదటిది తల్లిదండ్రుల నమ్మకం. వృత్తిరీత్యా నేను హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. కనుక మాట దగ్గరనుండే మొదలుపెడతాను. ఆంగ్లంలో ‘గేమింగ్’ అనే ఒక్క మాట ఆటకూ చెల్లుతుంది, జూదానికీ చెల్లుతుంది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం పేరు వినగానే ఆటల చట్టమనిపిస్తుంది. నిజానికి అది జూదాన్ని అరికట్టే చట్టం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించడానికి తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను సవరించినది ఆ చట్టాన్నే. ఆ వార్తలు చదివిన తల్లికి, తన కుమారుడు ఆడుతున్నది ఏ కోవకు చెందినదో తెలిసే దారి లేకపోయింది.

మన భాషలలో ఈ అయోమయం లేదు. తెలుగులో జూదమన్నా, హిందీలో జువా అన్నా సంస్కృతంలోని ద్యూతమే. ధర్మరాజు ఆడినది ద్యూతం. అర్జునుడు మత్స్యయంత్రాన్ని కొట్టినది పోటీ. ఒకే ఇతిహాసంలోని ఈ రెండు ఘట్టాలను ఎవరూ ఒకటిగా భావించరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం ఎట్టకేలకు ఈ భేదాన్నే గుర్తించింది. డబ్బు పందెపు ఆటలను అది నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా వేరుపరచింది. ప్రవేశ రుసుము ఉండవచ్చు, ప్రతిభకు బహుమతి ఉండవచ్చు. పందెం మాత్రం ఉండరాదు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంటికీ దాని సొంత భాషలో చేరినప్పుడే చట్టం ఫలించినట్లు. తల్లిదండ్రుల భయమంతా అపోహ అని నేననను. వేళాపాళా లేని ఆట చదువునూ నిద్రనూ హరిస్తుంది. ఐతే ఆ భయానికి మందు క్రమశిక్షణ గల శిక్షణే గాని, చాటుమాటు ఆట కాదు.

రెండవది, మైదానం రేపు కూడా ఉంటుందన్న నమ్మకం. చదరంగానికి యజమాని లేడు. కబడ్డీకి యజమాని లేడు. వీడియో క్రీడ అటువంటిది కాదు. దానికి సొంతదారైన కంపెనీ ఉంటుంది; ఆ కంపెనీ నిర్ణయమో, ప్రభుత్వ నిర్ణయమో మారితే మైదానమే అదృశ్యమవుతుంది. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న దేశభద్రత కారణాలపై నిషేధించారు. దాని భారతీయ రూపం 2021 జూలైలో వచ్చింది. 2022 జూలైలో యాప్ దుకాణాల నుండి తొలగింది. 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. ప్రభుత్వ నిర్ణయం మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. కాని పదహారేళ్ళ క్రీడాకారుడికి రెండేళ్ళంటే సామాన్యమైన కాలం కాదు. మన తెలుగునాట ఆ రెండేళ్ళే ఇంటర్మీడియట్, ప్రవేశ పరీక్షల కాలం కూడా. ఆ వయసులో పుస్తకం పక్కనపెట్టి సాధన చేసిన ఆట రాత్రికి రాత్రి మాయమైతే, ఆ కుటుంబం మరల ఆ దారి తొక్కుతుందా? ఇక దేశంలో సర్వర్ లేని ఆటలను మనవారు సింగపూర్ వంటి చోట్ల ఉన్న సర్వర్ల ద్వారా ఆడవలసి వస్తుంది. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. ఢిల్లీ నుండి నాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన సింగపూర్‌కు సంకేతం వెళ్ళి రావడానికి తక్కువలో తక్కువ సెకనులో నలభై వేయవ వంతులు పడుతుంది. తీగలు వంకర దారిన పోతాయి గనుక నిజానికి ఇంకా ఎక్కువే. రెప్పపాటుకన్న తక్కువైన ఆ ఆలస్యమే గెలుపోటములను తారుమారు చేయగలదు.

మూడవది, ఆట న్యాయంగా జరుగుతుందన్న నమ్మకం. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్-స్ట్రైక్ పోటీలో ఒక భారతీయ క్రీడాకారుడు గురి కుదిర్చే దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతూ పట్టుబడ్డాడు. జట్టు మొత్తం రద్దయింది. తప్పు ఒకరిది, అనుమానపు నీడ దేశంలోని ఆటగాళ్ళందరిపైనా పడింది. శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలు, ఫిర్యాదు వినే వేదిక జిల్లా స్థాయినుండే ఉంటే ఇటువంటి దోషం అంతదూరం ప్రయాణించదు. బాలికల విషయం మరీ ముఖ్యం. అసభ్య వ్యాఖ్యలకు వెరచి మారుపేరుతో, మైకు మూసుకొని ఆడే అమ్మాయిలున్నారు. సగం మందిని మౌనంగా ఉంచే సమాజం జాతీయమని ఎలా అనిపించుకుంటుంది?

నాలుగవది మెట్ల కొరత. బ్యాడ్మింటన్‌ను చూడండి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత కావడం ఒక వ్యక్తి విజయం. 2008లో ఆయన హైదరాబాదులో అకాడమీ స్థాపించడంతో అది వ్యవస్థగా మారింది, 2016లో పి.వి. సింధు రజతం ఆ వ్యవస్థ ఫలం. పాఠశాల, జిల్లా, రాష్ట్రం, దేశం అన్న మెట్లు అక్కడ కంటికి కనిపిస్తాయి. చదరంగంలోనూ అంతే, గుడివాడ బిడ్డ కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ కాగలిగారంటే, తండ్రి శిక్షణతోపాటు అంతర్జాతీయ రేటింగు అనే నిష్పక్షపాతమైన కొలబద్ద కూడా ఉన్నది. వీడియో క్రీడలో పోటీలకు కొదవ లేదు. ఒక పోటీకి మరొక పోటీతో సంబంధమే తక్కువ. ప్రకటనదారు వచ్చిన ఏడాది ఉత్సవం, రాని ఏడాది శూన్యం.

ఐనా శుభసూచనలు లేకపోలేదు. 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్ బాధ్యతను కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖకు అప్పగించారు. 2025 మే నెలలో బీహార్‌లో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో దీనిని ప్రదర్శన క్రీడగా చేర్చారు. దక్షిణ కొరియా 1997 ఆర్థిక సంక్షోభం తరువాత ఇంటర్నెట్‌ను విస్తరించి, 2000లో ఈ-స్పోర్ట్స్ సంఘాన్ని స్థాపించుకున్నది. అక్కడ కూడా తల్లిదండ్రుల ఆందోళన వల్ల 2011లో పదహారేళ్ళలోపు పిల్లలకు అర్ధరాత్రి ఆటను నిషేధించారు. పదేళ్ళ అనుభవం తరువాత ఆ నియమాన్ని తొలగించ నిర్ణయించారు. ఆటను ప్రోత్సహించడం, పిల్లలను కాపాడడం పరస్పర విరుద్ధాలు కావని, రెండూ వెలుగులోనే సాధ్యమని ఆ అనుభవం తెలుపుతున్నది.

మన కర్తవ్యమేమిటి? ప్రతి కళాశాలా ఏడాదికొక అంతర్కళాశాల పోటీ నిర్వహించవచ్చు. వేళలు ముందే ప్రకటించి, తల్లిదండ్రులను ప్రేక్షకులుగా ఆహ్వానించవచ్చు. నియమావళినీ, ఫిర్యాదు పద్ధతినీ తెలుగులోను, తక్కిన భారతీయ భాషలలోను ముద్రించి గ్రంథాలయంలో ఉంచాలి. నియమం అర్థమైనవాడే దానిని గౌరవిస్తాడు. అర్థం కానివాడు పక్కవాడు చెప్పినదే నియమమనుకుంటాడు. అనువాదకులమైన మేము ఈ పనికి చేయూతనివ్వగలము. యువకులారా, మీరు ఆడే ఆట ఏమిటో, దానిలో పందెం ఎందుకు లేదో మీ తల్లికి మీ భాషలో వివరించండి. ఆమె అడిగే ప్రశ్నలకు ఓర్పుతో జవాబివ్వండి. ఒక్కొక్క ఇల్లు నమ్మితే జిల్లా నిలుస్తుంది. జిల్లాలు నిలిస్తేనే జాతీయ సమాజమనే మాటకు అర్థం ఏర్పడుతుంది.