ఎవరి మీద గెలిచినట్టు?

(గంగారంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

 

ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతున్నదో ఆయన్ని మీరంతా పీఈటీ సారనే పిలిచారు, నేనూ అట్లాగే పిలుస్తాను. కప్పు పట్టుకొచ్చిన పిల్లవాడిని సారు భుజం తట్టేముందు ఒక మాట అడిగేవాడు: "ఎవరి మీద?" ఆటగాడి పేరును, అతను వదిలివెళ్లిన ఘనతను, అతని ఎదుట నిలబడ్డవాళ్లను బట్టి తూచడం సరైన పద్ధతేనా అన్నది ఈనాటి విషయం. ఎక్కువగా బాక్సింగ్ గురించే మాట్లాడతాను. సారుకు కబడ్డీ అంటే ప్రాణమని తెలుసు, క్షమిస్తాడనే నమ్మకం.

ఈ కొలత మనకు కొత్తదేం కాదు. మన మండలంలోనే పూనుగొండ్ల ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పగిడిద్దరాజును పూజారులు అక్కడినుంచే అడవి దారిన కాలినడకన తీసుకుపోతారు. కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు, ఓరుగల్లు ప్రతాపరుద్రుడి సైన్యం మీదికొచ్చింది. పగిడిద్దరాజు పడిపోయాడు, నాగులమ్మ, సారలమ్మ పడిపోయారు, జంపన్న సంపెంగవాగులో దూకాడు. లెక్క రాసేవాడికి ఇది ఓటమి. మరి ఇన్ని వందల ఏళ్లుగా కోట్లమంది వాళ్లకెందుకు మొక్కుతున్నారు? ఎదురొచ్చింది కాకతీయ సామ్రాజ్యం గనుక, దాని ముందు వంగలేదు గనుక. ఎవరితో కొట్లాడారన్న దాన్నే జనం గుర్తుపెట్టుకున్నారు, ఫలితాన్ని తరవాతి వరుసలో పెట్టారు.

మన ఊళ్ల కుస్తీలో ఈ లెక్క బహిరంగంగానే ఉంటుంది. నిజామాబాద్, కామారెడ్డి వైపు జాతర కుస్తీలు చూసినవాళ్లకు తెలుసు. మొదట కొబ్బరికాయ కుస్తీ, చిన్న పిల్లలు దిగుతారు. పొద్దు వాలేకొద్దీ పందెం పెరుగుతుంది, చివరికి వెండి కడియం కుస్తీ. కొబ్బరికాయ గెలిచినవాడూ గెలిచినవాడే, కానీ వాడిని ఎవరూ ఊరేగించరు. ఆ నిజామాబాద్ జిల్లాలోనే బోధన్ దగ్గర హున్సాలో హోళీనాడు పిడిగుద్దులాట ఆడతారు. నడుమ తాడు, ఇటు సగం ఊరు, అటు సగం ఊరు, గుద్దుకోవడమే. అక్కడ ప్రత్యర్థి పక్కింటాయనే. అది అయిపోయాక ఎవరు ఎవరి మీద గెలిచారని అడిగితే నవ్వుతారు. అక్కడ కొలత అక్కరలేదు, మంచిదే.

ఇక మన తెలుగు మల్లుల్లో అందరికీ తెలిసిన కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు కసరత్తు నేర్పినవాడు. అంటే ఆయనా పీఈటీ సారే! తరవాత సర్కస్ కంపెనీ పెట్టాడు. ఒంటికి కట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంపేవాడు, ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకునేవాడు, కార్లను కదలకుండా ఆపేవాడు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఆయన బలాన్ని శంకించే సాహసం నాకు లేదు. కాని ఆయన పేరు వినగానే మనకు గుర్తొచ్చే ప్రత్యర్థులు గొలుసు, కారు, ఏనుగు. గొలుసు ఎదురుదెబ్బ కొట్టదు. నిన్న తెగినచోట ఎందుకు తెగానని రాత్రంతా ఆలోచించి రేపు కొత్త ఎత్తుతో రాదు. అందుకే రామ్మూర్తి బలం మనకు ఆశ్చర్యంగా మిగిలింది, ఆయన కుస్తీ మీద వాదన పుట్టలేదు.

అదే కాలంలో గామా పహిల్వాన్ సంగతి వేరు. 1910 సెప్టెంబరులో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిస్కోతో తలపడ్డాడు. జిబిస్కో చాప మీద బోర్లా పడుకుని రెండున్నర గంటలు లేవలేదు, కుస్తీ తేలలేదు. వారం తరవాత మళ్లీ పెట్టిన రోజున అతను రానేలేదు. 1928లో పటియాలాలో గామా అతన్ని నిమిషం లోపే పడగొట్టాడు. గొప్ప గెలుపని రాస్తారు. అప్పటికి జిబిస్కోకు యాభై దగ్గరపడుతోంది. గామా గొప్పతనాన్ని చూపేది ఆ నిమిషం కాదు, లండన్‌లో అంత పెద్ద మల్లుడు రెండున్నర గంటలు నేలకు అతుక్కుని ఉండిపోవడమే.

ఈ తూకం ఎక్కువ పదునెక్కింది అమెరికా హెవీవెయిట్ బాక్సింగ్‌లో. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి 49 గెలిచి, ఒక్కటీ ఓడకుండా 1956లో చేతులు దులుపుకున్నాడు. ముహమ్మద్ అలీ 56 గెలిచి అయిదు ఓడాడు. అంకెలే లెక్కయితే మార్సియానో ముందుండాలి. అయినా ఎక్కువమంది అలీనే ముందు పెడతారు. ఎందుకు? మార్సియానో 1951లో పడగొట్టిన జో లూయీకి 37 ఏళ్లు. మరుసటేడు పట్టం లాక్కున్నది 38 ఏళ్ల జెర్సీ జో వాల్కాట్ నుంచి. పేర్లు పెద్దవి, ఒళ్లు పాతవి. ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. వాల్కాట్ ముసలివాడే, కాని మొదటి రౌండులోనే మార్సియానోను నేల మీద కూర్చోబెట్టాడు, పదమూడో రౌండులో దెబ్బ తగిలేదాకా పాయింట్లలో ముందే ఉన్నాడు. వయసు చూసి ప్రత్యర్థిని తీసిపారేసేవాళ్లు ఆ పన్నెండు రౌండులను మరిచిపోతారు.

జో లూయీ కథ ఇంకా చిత్రం. 25 సార్లు పట్టం నిలబెట్టుకున్నాడు, హెవీవెయిట్‌లో ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1940 డిసెంబరు నుంచి 1941 జూన్ దాకా నెలకొకరితో తలపడ్డాడు. నెలకో పనికిమాలినవాడని పత్రికలవాళ్లు వెక్కిరించారు. ఆ వరుసలో జూన్ నెలవాడు బిల్లీ కాన్. లూయీ కన్నా పాతిక పౌండ్లు తేలిక, కింది బరువులో విజేత. అతను పన్నెండు రౌండుల దాకా లూయీని వెనక్కి నెట్టాడు. పదమూడులో గెలుపు సరిపోక నాకౌట్ కోసం ఎగబడి తానే పడిపోయాడు. వెక్కిరించిన జాబితాలోనే అలాంటివాడు ఒకడున్నాడు మరి.

అలీకి కూడా సున్నితమైన లెక్కే వేయాలి. 1966లో క్లీవ్‌లాండ్ విలియమ్స్ మీద అలీ ఆట అందం గురించి పుస్తకాల్లో రాస్తారు. నిజంగా అందమే. అయితే అంతకు రెండేళ్ల ముందు పోలీసు తూటా తిని, ఒక మూత్రపిండం పోగొట్టుకుని వచ్చినవాడు విలియమ్స్. పేరు అదే, మనిషి అదే కాదు. 1974 కిన్షాసా సంగతి అలా కాదు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌ను, అలీ దవడ విరగ్గొట్టిన నార్టన్‌ను, ఇద్దరినీ రెండేసి రౌండుల్లో పడేసిన జార్జ్ ఫోర్‌మన్ అక్కడ ఎదురున్నాడు. వయసులో, ఊపులో, ఓటమి ఎరగని రోజుల్లో ఉన్నాడు. ఎనిమిదో రౌండులో పడ్డాడు. ఆ రాత్రి లేకపోతే అలీ మరో మంచి ఛాంపియన్, అంతే.

కాబట్టి "ఎవరి మీద?" అన్న ప్రశ్నకు "ఎప్పుడు?" అన్నది తోడు కావాలి. మూడో ప్రశ్న కూడా ఉంది, దాన్ని తక్కువమంది అడుగుతారు: ఆ ప్రత్యర్థిని ఎంచింది ఎవరు? డబ్బు బాక్సింగ్‌లో ప్రమోటర్ ఎంచుతాడు, మేనేజర్ తప్పిస్తాడు. కఠినమైనవాడిని రెండేళ్లు తోసిపుచ్చి, వాడు నలిగాక ఒప్పందం రాసుకోవచ్చు. అక్కడ ప్రత్యర్థుల జాబితా చూస్తే మనిషి ధైర్యం కూడా కనిపిస్తుంది. ఒలింపిక్, ప్రపంచ పోటీల్లో మాత్రం డ్రా తీస్తారు. చీటీలో ఎవరొస్తే వాళ్లే. బలహీనుడొచ్చినా మన తప్పు కాదు, బలవంతుడొచ్చినా మన ఘనత కాదు.

ఈ మూడు ప్రశ్నలూ పెట్టుకుని మన రాష్ట్రపు అమ్మాయి నిఖత్ జరీన్ వద్దకు వద్దాం. హెవీవెయిట్ కాదు, యాభై కిలోల చుట్టూ ఆడుతుంది. తూకం తేలికైనా లెక్క బరువైనదే.

1996లో నిజామాబాద్‌లో పుట్టింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజం జారి ఏడాది రింగుకు దూరమైంది. ఆ తరవాత 2019 వచ్చింది. టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండా మేరీ కోమ్‌ను పంపాలనే ఆలోచన సాగుతున్నప్పుడు, నాకు ట్రయల్ కావాలని నిఖత్ క్రీడా మంత్రికి బహిరంగ లేఖ రాసింది. ఆరుసార్ల ప్రపంచ విజేతను, ఒలింపిక్ పతక విజేతను నాతో దింపండని అడిగింది. ఎన్ని మాటలు పడాల్సొచ్చిందో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. 9-1 తేడాతో మేరీ గెలిచింది. అయ్యాక చేయి కూడా కలపలేదు.

నిఖత్ జీవితంలో డ్రా తీయని, ఎవరూ కుదర్చని, తానే కోరి తెచ్చుకున్న ప్రత్యర్థి ఈ ఒక్కరే. అది పెద్ద ఓటమి. ఆమె ఘనత రాసేవాళ్లు ఈ పేజీని గబగబా తిప్పేస్తారు. నేను మొదట రాసేది ఇదే. స్వర్ణాలన్నీ దీని తరవాతే రాస్తాను.

ఇక అక్కడినుంచి గెలుపు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి ఎలా పోయిందో చూడండి. 2019 ప్రపంచ పోటీల సెమీస్‌లో మేరీ కోమ్‌ను ఓడించింది టర్కీ బాక్సర్ బుసెనాజ్ చాకిరోగ్లు. 2021 టోక్యోలో మేరీని ఇంటికి పంపింది కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియా, రియో కాంస్య విజేత. అదే టోక్యోలో చాకిరోగ్లుకు రజతం. ఈ ఇద్దరూ నిఖత్ దారిలోకి వచ్చారు.

2021లో ఇస్తాంబుల్ బాస్ఫరస్ పోటీల్లో నిఖత్ రష్యాకు చెందిన ప్రపంచ విజేత పాల్ట్‌సెవాను, కజకిస్తాన్‌కు చెందిన రెండుసార్ల ప్రపంచ విజేత కిజైబేను వరుసగా ఓడించింది. సెమీస్‌లో చాకిరోగ్లు చేతిలో 0-5. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో స్ట్రాంజా స్మారక పోటీల్లో మళ్లీ చాకిరోగ్లు ఎదురైంది. ఈసారి 4-1తో నిఖత్ గెలిచి స్వర్ణం దాకా వెళ్లింది. ఒలింపిక్ రజత విజేత ఏడాది తిరక్కముందే, మంచి ఊపులో ఉన్నప్పుడే ఓడింది. "ఎప్పుడు?" అన్న ప్రశ్నకు ఇంతకన్నా శుభ్రమైన జవాబు ఆమె జాబితాలో మరొకటి లేదు. ఆ మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ స్వర్ణం వచ్చింది, ఫైనల్లో థాయిలాండ్ బాక్సర్ జిట్పోంగ్ మీద 5-0. మనం బాణాసంచా కాల్చింది ఆ ఇస్తాంబుల్ స్వర్ణానికి. నన్నడిగితే సోఫియా గెలుపు బరువు దానికన్నా ఎక్కువ. ఇస్తాంబుల్‌లో చాకిరోగ్లు వేరే బరువులో ఆడి, అక్కడ తానూ స్వర్ణం గెలిచింది.

2023 ఢిల్లీ ప్రపంచ పోటీల గురించి నిజాయితీగా మాట్లాడాలి. రష్యా విషయమై అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు ఆ పోటీలకు రాలేదు. కొన్ని బరువుల్లో పోటీ పలచబడింది. నిఖత్ ఆడిన 50 కిలోల్లో మాత్రం ఆరు బౌట్లు ఆడాల్సొచ్చింది. అల్జీరియా టాప్ సీడ్ బౌలమ్, సెమీస్‌లో వాలెన్సియా మీద 5-0, ఫైనల్లో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి తామ్ మీద 5-0. మేరీని ఇంటికి పంపిన వాలెన్సియానే ఇక్కడ నిఖత్ ఓడించింది. క్వార్టర్స్‌లో ఓడిన థాయి అమ్మాయి రక్సత్ అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో లెక్క సరిచేసింది, మనకు కాంస్యం మిగిలింది.

పారిస్ గురించి మన దగ్గర చాలా బాధ ఉంది. 2024 ఆగస్టు 1, ప్రీక్వార్టర్స్, 0-5. సీడింగ్ లేని నిఖత్‌కు రెండో బౌట్లోనే టాప్ సీడ్ ఎదురైంది. చైనా బాక్సర్ వూ యూ అప్పటికి 52 కిలోల్లో ప్రపంచ విజేత, 50 కిలోల్లో ఆసియా క్రీడల విజేత. ఆమె అక్కడ ఆగలేదు. ఫైనల్లో చాకిరోగ్లును ఓడించి ఒలింపిక్ స్వర్ణం పట్టుకుపోయింది. పతకాల పట్టికలో నిఖత్ పేరు లేదు. స్వర్ణ విజేత చేతిలో రెండో బౌట్లో ఓడినవాళ్లకూ, మామూలు బాక్సర్ చేతిలో సెమీస్‌లో ఓడి కాంస్యం తెచ్చుకున్నవాళ్లకూ మధ్య తేడా కొంత చీటీలో ఉంది. కొంతే. ఆ రోజు వూ యూ ముందే ఉంది, దాన్ని డ్రా మీదికి నెట్టడం మనసుకు హాయి, లెక్కకు తప్పు.

2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో చాకిరోగ్లుతో మూడోసారి. 0-5 ఓటమి. అంటే ఈ ఇద్దరి మధ్య రెండు అటు, ఒకటి ఇటు. చాకిరోగ్లు పక్షాన నిలబడి చూస్తే తెలుస్తుంది, ఆమె ఘనత లెక్కగట్టేటప్పుడు టర్కీవాళ్లు మన నిఖత్ పేరును బరువైన పేర్లలో చదువుతారు. ప్రత్యర్థులను బట్టి తూచడంలోని న్యాయం ఇదే అనిపిస్తుంది నాకు. ఓడినవాళ్ల పేరూ గెలిచినవాళ్ల లెక్కలో బతికే ఉంటుంది.

ఒక్క విషయం మిగిలింది, అది ఈ మండలం సంగతి. నిఖత్ నిజామాబాద్ కలెక్టరేట్ మైదానంలో మొదలుపెట్టినప్పుడు ఆమెతో ఆడే అమ్మాయిలు లేరు, అబ్బాయిలతోనే ఆడింది. మన దగ్గర ఇప్పటికీ అమ్మాయిల పోటీల్లో ఒక బరువుకు ఒక్కరే పేరు ఇచ్చి, ఆడకుండానే స్వర్ణం తీసుకుని ఇంటికి రావడం జరుగుతుంది. తప్పు ఆ పిల్లది కాదు, ఎదురు నిలబడే మరో పిల్లను తయారుచేయని మనది. గంగారం, కొత్తగూడ, గూడూరు, బయ్యారం ఆశ్రమ పాఠశాలల అమ్మాయిలను నెలకోసారి ఒక్కచోట కలిపి ఆడించడానికి పెద్ద ఖర్చు ఏమీ లేదు. ఒక వ్యాను, రెండు జతల గ్లోవ్స్, తలకు గార్డులు, ఒక పూట అన్నం. వేదిక మీదున్న ప్రధానోపాధ్యాయులూ, సర్పంచులూ ఈ సభ ముగిశాక కాసేపు ఆగితే తేదీలు మాట్లాడుకుందాం.