పల్లకీ ఎవరు పంపారు, ఎవరు ఎక్కారు

(పులివెందులలో ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)



సినిమా గురించి మాట్లాడమన్నారు. హీరోల సంగతి మీకే బాగా తెలుసు, నేను కథ తయారుచేసేవాళ్ల గురించి చెప్తా. మన పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి గారు అట్లాంటి మనిషి. డైరెక్టర్‌గానే పేరు, కానీ స్క్రీన్‌ప్లేలో కూడా ఆయన చెయ్యి ఉండేది. 1939లో ‘వందేమాతరం’, ఉద్యోగం దొరకని చదువుకున్నోడి కథ. 1940లో ‘సుమంగళి’, వితంతు వివాహం. మరుసటేడు ‘దేవత’, యజమాని చేతిలో మోసపోయిన పనిమనిషి. 1974లో ఫాల్కే అవార్డు ఇచ్చారు, దక్షిణాది సినిమాకు అదే మొదటిది.

నాకు మాత్రం 1951 నాటి ‘మల్లీశ్వరి’ ముఖ్యం. అందరూ దాన్ని ప్రేమకథ అంటారు, పాటలు గొప్పవంటారు. సరే. కానీ కథ చూడండి. బావ తమాషాకు అన్న మాటతో రాయలవారు ఆ పిల్లకు పల్లకీ పంపుతారు. అమ్మకు నగలు చాలు. పిల్లను మాత్రం ఎవరూ అడగరు. రాజు చెడ్డోడు కాదు, అయినా ఆ దయే ఆమెకు జైలయింది.

మనకీ పల్లకీలు వస్తాండాయి కదా! గండికోట రిజర్వాయరు నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరోళ్లు ఇండ్లు వదిలిపోయినారు. తుమ్మలపల్లె యురేనియం గని వచ్చింది, పక్క పల్లెల రైతులు బోరు నీళ్లు చెడినాయని మొత్తుకుంటాండారు. ఎవరినైనా సరిగ్గా అడిగినారా?

ఒక మాట దాచను. ఆయన భూమి ఉన్న ఇంట్లో పుట్టినాయన, నేను చెప్పిన సినిమాల్లో ఏదీ ఎరుకలోళ్లదో యానాదోళ్లదో సుగాలోళ్లదో కథ కాదు. నేరస్థ తెగల చట్టం 1952లో దేశమంతా పోయింది, తెర మీద మాత్రం పోలేదు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చేటప్పుడు, స్టూవర్టుపురాన్ని, ఎరుకలోళ్లను దొంగలుగా చూపిస్తున్నారని హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. సినిమా తయారయినాక కోర్టుకు పోయేది కష్టం. రాసేటప్పుడే ఆ గదిలో మనోళ్లు ఒకరుండాల.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే సమావేశానికి ఒక్కో అవ్వ దగ్గర ఒక్కో కథ రాసుకొని రండి. పోలీస్ స్టేషన్లో హాజరు వేయించుకున్న తాతల సంగతి అడగండి. మీ మాటల్లో కాదు, అవ్వ మాటల్లోనే. ఆమె నవ్విన చోట నవ్విందని కూడా రాయండి.