బోటు నీళ్లలో కాదు, గాల్లో ఉన్నప్పుడే డేంజర్! ఫైబర్ బోటు లేపడం, కట్టడం, దాచడం

కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్ వీడియో చూసి చాలామంది అడిగారు, "అన్నా, మోటారు బోటు కొంటే ఎట్ల చూసుకోవాలి?" అని. చెప్తా. ముందు నా తప్పు వినండి.

మా బావ సెకండ్ హ్యాండ్‌లో 14 అడుగుల ఫైబర్ బోటు కొన్నాడు. లేపడానికి తాండూరు బండలు ఎత్తే హైడ్రా మాట్లాడుకున్నాం. కాగితం మీద బరువు 350 కిలోలు. బీటెక్ కదా, లెక్క నాదే! లోపల వాన నీళ్లు నిలిచిన సంగతి మాత్రం చూడలేదు. నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, ఐదు సెంటీమీటర్ల లోతు నీళ్లంటే 300 లీటర్లు, అంటే 300 కిలోలు! లేపగానే నీళ్లన్నీ వెనక్కి ఉరికాయి, బోటు ఒరిగింది, ముందు బెల్టు జారింది. వెనక భాగం ధన్‌మని నేలకు తగిలింది. నిమిషం ముందు బావ అక్కడే వంగి ఉన్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే లేపే ముందు డ్రెయిన్ ప్లగ్గు తీసి నీళ్లు పూర్తిగా పోనివ్వండి. ఇనుప తాడు వద్దు, వెడల్పాటి బెల్టులు రెండు వాడండి. అవి జారకుండా ఒకదానికొకటి తాడుతో కట్టండి. ప్రొపెల్లర్ మీద బెల్టు పడొద్దు. ఇగ కోణం సంగతి: ఒక బెల్టు మీద 500 కిలోలుంటే, నేలతో 60 డిగ్రీల కోణంలో ఒక్కో వైపు దాదాపు 290 కిలోల లాగుడు. 30 డిగ్రీలైతే ఒక్కో వైపు 500! పైగా అంచులు లోపలికి నొక్కుకుపోతాయి. మధ్యలో అడ్డపట్టీ పెడితే బెల్టులు నిటారుగా ఉంటాయి. కింద మాత్రం ఎవ్వరూ నిలబడొద్దు. తిరగకుండా దూరం నుంచి తాడుతో పట్టుకోండి.

ఒడ్డుకు తెచ్చేటప్పుడు గాలికి ఎదురుగా, మెల్లగా రండి. చేత్తో, కాలితో ఆపొద్దు, వేళ్లు నలుగుతాయి. ముందు, వెనక రెండు చోట్లా కట్టండి. ప్రాజెక్టు నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి, అందుకే తాడుకు కొంచెం వదులు ఉంచండి. కట్టడం చిన్న విషయం కాదు. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణా వరదలో, కొట్టుకొచ్చిన బోట్లే విజయవాడ ప్రకాశం బ్యారేజీని గుద్దాయి.

దాచేటప్పుడు బరువంతా అడుగున నడిమి వెన్ను మీద పడాలి. పక్క దిమ్మెలు ఒరగకుండా ఉండటానికే. ముందు భాగం కొంచెం ఎత్తుగా, ప్లగ్గు తీసి ఉంచండి. బ్యాటరీ వైర్లు విప్పేయండి. ఎండకు పైపూత పాడవుతుంది, కవర్ కప్పండి, కానీ గాలి ఆడాలి.

మా బోటుకు వెనక జానెడు పగులు వచ్చింది. "పుట్టీ పెట్టి ఆదివారం పిల్లల్ని తిప్పుదాం" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. పుట్టీ పగులును దాస్తుంది, బలం ఇవ్వదు. దాన్ని గీకి, ఆరబెట్టి, ఫైబర్ మ్యాట్, రెసిన్ పొరలు వేయాలి. బావ రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పర్వాలేదు.

ఇప్పుడు బోటు దింపే ప్రతిసారీ ఆయనే అడుగుతాడు, "ప్లగ్గు మళ్లీ పెట్టినవా? లైఫ్ జాకెట్లు ఎన్ని?" అని. మీరూ అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!